లాకు దగ్గర లస్కరు

పామిడిముక్కల మండలంలో వీరంకిలాకు అని ఒక ఊరుంది. పేరులోనే లాకు ఉంది కాబట్టి అక్కడేముంటుందో వేరే చెప్పక్కర్లేదు. 1855లో బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయింది. దాంతో డెల్టా నిండా కాలువలు పాకాయి. వాటిల్లో నీళ్లతోపాటు పడవలూ నడిచేవి. మెరక నుంచి పల్లానికి పడవ దిగాలంటే రెండు జతల తలుపుల మధ్య దాన్ని కాసేపు ఆపి, నీటిమట్టం తగ్గించి, అవతలికి వదలాలి. ఆ ఏర్పాటే లాకు. తరవాత పడవలు పోయాయి. పాత ఆనకట్ట స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. లాకు అన్న మాట మాత్రం నిలిచిపోయి, కాలువకు అడ్డంగా షట్టర్లున్న ప్రతి చోటునీ మనవాళ్లు లాకులనే అంటున్నారు.

నాట్ల రోజుల్లో ఇలాంటి ఏ లాకు దగ్గరైనా ఓ అరగంట నిలబడి చూడండి. షట్టరు పని చూడ్డానికి సులువు. ఎత్తితే నీళ్లు పోతాయి, దించితే ఆగుతాయి. కానీ షట్టరు ఎత్తీ దించే లస్కరు చూపు నీళ్ల మీద కంటే చేతిలో ఫోను మీదే ఎక్కువ ఉంటుంది. శివారు నుంచి ఒకాయన, "ఏవండీ, మా బోదెలోకి చుక్క దిగలేదు, నారుమడి ఎండిపోతంది" అంటాడు. మధ్య ఊరాయన, "చాలు బాబూ దించు, గట్టు తెగిద్ది" అంటాడు. పైనుంచి నీటిపారుదల శాఖ ఏఈ గారు రాత్రికి మట్టం తగ్గించమంటారు. నీళ్లు ఒక్క దిక్కు నుంచే వస్తాయి. మాటలు అన్ని దిక్కుల నుంచీ వస్తాయి. షట్టరు ఎంత ఎత్తాలన్నది నీళ్లు తేల్చవు, ఆ మాటలు తేలుస్తాయి. సుమారు 13 లక్షల ఎకరాల డెల్టా ఇలాగే బతుకుతోంది.

మన తలలోనూ ఇలాంటి లాకు ఒకటుంది. దాని పేరు థాలమస్. గ్రీకులో ఆ మాటకు లోపలి గది, పడకగది అని అర్థం. మెదడు నడిమధ్యలో రెండు కరక్కాయలు పక్కపక్కన పెట్టినట్టుంటుంది. ఒక్కోటి పొడవు 3 సెంటీమీటర్లకు అటూఇటూ. కోసి చూస్తే అంతా ఒకే ముద్ద కాదు, యాభైకి పైగా చిన్న చిన్న గుంపులు. ఒక గుంపు చూపుది, ఇంకోటి వినికిడిది, మరోటి స్పర్శది. కొన్ని గుంపులకు బయటి ప్రపంచంతో పనే లేదు, వాటి దగ్గరికి తరవాత వద్దాం.

కంటి నుంచి, చెవి నుంచి, చర్మం నుంచి, నాలుక నుంచి బయల్దేరిన ప్రతి కబురూ కార్టెక్స్ అనే మెదడు పైపొరకు చేరేముందు ఇక్కడ ఆగాల్సిందే. ఒక్క వాసనకే మినహాయింపు. బందరు దగ్గర గిలకలదిండి హార్బరులో అడుగుపెట్టగానే ఎండుచేపల వాసన ఎవరినీ అడక్కుండా నేరుగా పైపొరకు వెళ్లిపోతుంది, లాకులో ఆగదు. వాసన పరిణామంలో బాగా పాతదారి. లాకులు కట్టకముందు తవ్విన కాలువన్నమాట.

చాలాకాలం పాఠ్యపుస్తకాలు థాలమస్‌ను పోస్టాఫీసుతో పోల్చేవి. ఉత్తరం వస్తుంది, ముద్ర పడుతుంది, చిరునామాకు పోతుంది. నేను ఇంటర్‌లో చదువుకున్నదీ ఇదే. ఆ పోలిక తప్పని తేలడానికి లెక్కలు తియ్యాల్సివచ్చింది. పిల్లి మెదడులో చూపుకు సంబంధించిన థాలమస్ గుంపును తీసుకుని, అందులోని ఒక్కో కణం మీద వాలే తీగలు ఎక్కడివో సూక్ష్మదర్శిని కింద లెక్కపెట్టారు. కంటి నుంచి వచ్చినవి నూటికి ఐదు నుంచి పది. అంతే! మిగతావాటిలో మూడో వంతు పైపొర నుంచి వెనక్కి దిగి వచ్చినవి, మూడో వంతు పక్కనున్న అదుపు కణాలవి, మూడో వంతు మెదడు కాండం నుంచి పైకి వచ్చినవి. చూపు కోసమే కట్టిన లాకులో కంటి వాటా పదో వంతుకు మించదు.

అంటే కంటి కబురుకు బలం లేదని కాదు. ఆ కొద్ది తీగలూ చాలా గట్టివి, కణాన్ని నడిపేవి అవే. మిగిలినవి నడపవు, సర్దుతాయి. ఎస్. మర్రే షెర్మన్, రే గిల్లరీ అనే ఇద్దరు ఏళ్ల తరబడి ఈ తేడా మీదే పనిచేశారు. లాకు భాషలో చెప్పాలంటే నీరు బ్యారేజీదే, ఫోన్లు మాత్రం అందరివీ. మెదడు కాండం నుంచి వచ్చే తీగలు ఏఈ గారి ఆర్డరు లాంటివి: ఇది పగలా రాత్రా, మెలకువా నిద్రా అన్నది చెబుతాయి. పైపొర నుంచి దిగేవి ఆయకట్టు రైతుల ఫోన్లు. మరి లస్కరు ఎవరు?

థాలమస్ చుట్టూ తమలపాకు చుట్టినట్టు ఒక పల్చటి కణాల పొర ఉంటుంది. రెటిక్యులర్ న్యూక్లియస్ అంటారు. దీని తీగలు పైపొరకు పోవు. తిరిగి థాలమస్‌లోకే దిగి, కణాల నోరు నొక్కుతాయి. పైకి పోయే తీగలూ కిందికి దిగే తీగలూ ఈ ఆకును చీల్చుకుంటూ పోవాలి, పోతూ పోతూ దానికో కొమ్మ ఇచ్చి పోతాయి. కాబట్టి ఎటు ఏం పోతోందో దానికి తెలుస్తూనే ఉంటుంది. డీఎన్ఏ నిర్మాణం కనిపెట్టిన ఫ్రాన్సిస్ క్రిక్ ముసలితనంలో మెదడు మీద పడి, 1984లో ఒక వ్యాసం రాశాడు. థాలమస్ గుమ్మమైతే ఈ పొర ఆ గుమ్మం దగ్గర కాపలాదారు అని, మన ధ్యాస అనే టార్చిలైటును తిప్పేది ఇదేనని అతని ఊహ. ఊహగానే మొదలైనా తరవాతి ప్రయోగాలు చాలావరకు దానికి దన్నుగానే నిలిచాయి. క్రిక్‌కు కృష్ణా డెల్టా తెలిసుంటే కాపలాదారు అనేవాడు కాదు, లస్కరు అనేవాడు. కాపలాదారు ఆపడమే చేస్తాడు. లస్కరు పంచుతాడు.

విజయవాడలో రాత్రి పది గంటల బందరు బస్సెక్కి కిటికీకి తల ఆన్చండి. కంకిపాడు దాటేసరికి నిద్ర పట్టేస్తుంది. ఇంజను మోత, వెనక సీట్లో గురక, ఎదురొచ్చే లారీ హారను, ఏదీ తెలియదు. ఉయ్యూరు వచ్చిపోతుంది. కండక్టరు "పామర్రు, పామర్రు" అనగానే పామర్రులో దిగాల్సినాయన ఒక్కడే ఉలిక్కిపడి లేస్తాడు, పక్కనున్న బందరు ప్రయాణికుడు కదలడు. చెవులు ఇద్దరివీ తెరిచే ఉన్నాయి, శబ్దం ఇద్దరికీ ఒకటే. నిద్రలో థాలమస్ కణాలు పనితీరు మార్చుకుంటాయి. అప్పటిదాకా వచ్చింది వచ్చినట్టు పంపినవి గుంపులు గుంపులుగా పేలి, ఊరుకుంటాయి. కబురు వివరం పోతుంది. అయినా లాకు పూర్తిగా మూతపడదు, మనకు కావలసినదానికి ఓ జానెడు సందు ఉంటుంది. ఆ సందు ఎంత ఉండాలో ముందే చెప్పిపెట్టింది మన పైపొరే.

ఈ నిద్రలోనే సెకనుకు 12 నుంచి 15 సార్లు ఊగే చిన్న తరంగాల గుత్తులు మెదడు విద్యుత్తును గీసి చూపే ఈఈజీలో కనిపిస్తాయి. కదురుకు నూలు చుట్టినట్టు మధ్యలో లావుగా, కొసల్లో సన్నగా ఉంటాయి కాబట్టి స్పిండిల్స్ అన్నారు. వాటిని పుట్టించేది ఆ తమలపాకు పొరే. ఈ స్పిండిల్స్‌ను గుర్తుపెట్టుకోండి.

పోలికలకు హద్దుంటుంది, ఆ హద్దు కూడా ఇక్కడే చెప్పేస్తాను. కాలువలో ఒక పొలానికి పోయిన నీరు మళ్లీ లాకుకు తిరిగొచ్చి ఇంకో పొలానికి పోదు. మెదడులో పోతుంది. ఇందాక బయటి ప్రపంచంతో పనిలేని గుంపులన్నానే, అవి చేసే పని ఇదే. పైపొరలో ఒక భాగం చేసిన ఆలోచన థాలమస్‌లోకి దిగి, అక్కణ్ణుంచి మరో భాగానికి ఎక్కుతుంది. వాటిలో మీడియోడార్సల్ అనే గుంపుకు నుదుటి వెనకనున్న పైపొరతో, అంటే మనం ముందుచూపు, తర్కం, సంయమనం అనుకునేవన్నీ ఉండే చోటుతో రెండు వైపులా రాకపోకలున్నాయి. ఈ అధ్యాయంలో అసలు కథ ఆ గుంపుదే.

గుడివాడ దగ్గర అంగలూరులో 1910లో పుట్టిన త్రిపురనేని గోపీచంద్ 1940ల్లో 'అసమర్థుని జీవయాత్ర' రాశాడు. తెలుగులో తొలి మనోవైజ్ఞానిక నవల అని దానికి పేరు. అందులో సీతారామారావు ఆస్తి పోగొట్టుకుని, తనతో తాను వాదించుకుంటూ, మనుషులకు దూరమై, చివరికి మతి చెడతాడు. మెదడు మీద పుస్తకాలు రాసేవాళ్లకు కల్పిత పాత్రలకు జబ్బు పేర్లు తగిలించే సరదా ఉంటుంది. నేనాపని చెయ్యను. గోపీచంద్ డాక్టరు కాదు, సీతారామారావు రోగి కాదు. కానీ ఆ నవల చదివినవాడు ఒక సంగతి మర్చిపోడు: తన బుర్రలో పుడుతున్న మాటలు తనవేనని నమ్మకం సడలిపోతే మనిషి ఎంత ఒంటరివాడవుతాడో అన్నది. స్కిజోఫ్రీనియాకు నడిబొడ్డు అదే.

స్కిజోఫ్రీనియా అన్న పేరు పెట్టింది స్విట్జర్లాండు వైద్యుడు యూజెన్ బ్లాయిలర్, 1908లో. మాటకు అర్థం 'చీలిన మనసు'. ఆ పేరు చేసిన చెరుపు ఇంతా అంతా కాదు. ఒకే ఒంట్లో ఇద్దరు మనుషులు అనుకుంటారు జనం. 2005లో 'అపరిచితుడు' వచ్చాక ఆ నమ్మకం మరీ గట్టిపడింది. ఆ సినిమాలో చూపించినది వేరే జబ్బు. స్కిజోఫ్రీనియాలో మనిషి ఒక్కడే. వినపడని మాటలు వినపడతాయి, లేని కుట్రలు కనపడతాయి, మాట గాడి తప్పుతుంది. ఇవన్నీ లేనప్పుడు కూడా మాటా కదలికా ఉత్సాహం తగ్గిపోయి, ధ్యాస నిలవక, మూల కూర్చుంటాడు. 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో ఈ కోవకు చెందిన తీవ్ర జబ్బులు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వచ్చినవాళ్లు నూటికి 1.4 మంది అని తేలింది. సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో మన తెలుగు రాష్ట్రాలు రెండూ లేవు. ఉన్నా అంకె మరీ మారేది కాదేమో.

కొన్నేళ్ల కిందట డాక్టరైన ఓ స్నేహితుడి ఓపీలో కూర్చునే అవకాశం వచ్చింది. గుర్తుపట్టే వివరాలన్నీ మార్చి ఒక్క సంగతి చెబుతాను. గుడివాడ వైపు నుంచి ఓ తల్లి ఇరవై ఏళ్ల కొడుకును తీసుకొచ్చింది. చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో తాయెత్తుల దారాలు, ఎక్స్‌రేలు, పాత చీటీలు.

"ఫ్యానులోంచి వాళ్ల మావయ్య మాట్లాడతన్నాడంటాడండి. లేచి తానం చెయ్యరా అంటాడంట, పొలం ఎల్లరా అంటాడంట. చెడ్డమాటలు కాదండి, మంచియ్యే చెప్తాడు. కానీ మా తమ్ముడు పోయి మూడేళ్లయిందండి."

డాక్టరు కుర్రాణ్ణి అడిగాడు. వాడు కాసేపు ఫ్యాను వంకే చూసి, "ఇక్కడ కూడా ఉన్నాడండి, కానీ నెమ్మదిగా" అన్నాడు. తరవాత, అడక్కుండానే ఇంకో మాటన్నాడు: "అన్నీ ఒకేసారి వినపడతాయండి. బయట బండ్లు, మీ పెన్ను చప్పుడు, మా అమ్మ గాజులు. ఏది ముఖ్యమో తెలీదు."

ఆ రెండో మాట నన్ను వెంటాడింది, ఎందుకంటే దాన్ని అంతకుముందే చదివాను. స్కాట్లండులో ఆండ్రూ మెక్‌గీ, జేమ్స్ చాప్మన్ అనే ఇద్దరు 1961లో, అప్పుడే జబ్బు మొదలైన రోగుల మాటల్ని ఓపిగ్గా నమోదు చేశారు. దాదాపు అవే మాటలు: అన్నీ వచ్చి మీద పడుతున్నాయి, వడపోత లేదు. దేశం వేరు, భాష వేరు, అరవై ఏళ్ల దూరం. మెదడు కణాల మధ్య కబుర్లు మోసే డోపమైన్ అనే రసాయనం పనిని కనిపెట్టి 2000లో నోబెల్ అందుకున్న స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఆర్విడ్ కార్ల్సన్ 1980ల చివర ఈ ఫిర్యాదుకు ఒక చిత్రం గీశాడు. పైపొర నుంచి మెదడు అడుగుభాగాలకు, అక్కణ్ణుంచి థాలమస్‌కు, మళ్లీ పైపొరకు ఒక చక్రం తిరుగుతుంటుంది. ఆ చక్రం థాలమస్ షట్టర్లను బిగించి ఉంచుతుంది. డోపమైన్ ఎక్కువైతే ఆ బిగింపు వదులై, షట్టర్లు లేచిపోయి, వరద పైపొర మీద పడుతుంది. 1950ల నుంచి వాడుతున్న పిచ్చి మందులు డోపమైన్‌ను అడ్డుకునేవే కాబట్టి లెక్క చక్కగా కుదిరింది.

మరీ చక్కగా కుదిరిన లెక్కల్ని అనుమానించాలి. థాలమస్ చెడిపోయి ఉంటే చెడినట్టు కనపడాలి కదా? 1990లో డెన్మార్కులో బెంటే పాకెన్‌బెర్గ్ చనిపోయిన రోగుల మెదళ్లలో కణాలు లెక్కపెట్టి, మీడియోడార్సల్ గుంపులో 40 శాతం తక్కువున్నాయంది. పెద్ద సంచలనం. తరవాత ఇంకా ఎక్కువ మెదళ్లతో లెక్కపెట్టినవాళ్లకు ఆ లోటు కనపడలేదు. 1994లో అమెరికాలో నాన్సీ ఆండ్రియాసెన్ ఎంఆర్ఐ బొమ్మలు చాలావాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు తీస్తే, రోగుల బొమ్మకూ ఆరోగ్యవంతుల బొమ్మకూ తేడా థాలమస్ చుట్టుపక్కలే తేలింది. 2016లో ప్రపంచమంతటి నుంచి 2,028 మంది రోగుల స్కాన్లను 2,540 మంది ఆరోగ్యవంతుల స్కాన్లతో పోల్చారు. థాలమస్ నిజంగానే కాస్త చిన్నది. కానీ ఆ 'కాస్త' ఎంతంటే, రెండు గుంపుల్నీ కలిపి కుప్పపోస్తే ఎవరిది ఎవరిదో విడదీయలేం. ఓపీలో ప్రతి తల్లీ అడుగుతుంది, స్కాన్ తియ్యమంటారా అని. మెదడులో గడ్డ, దెబ్బలాంటి వేరే కారణం లేదని చూసుకోవడానికి తియ్యొచ్చు. స్కిజోఫ్రీనియా ఉందో లేదో థాలమస్ కొలత చెప్పదు.

మరి లోపం ఎక్కడుంది? అది చెప్పేముందు, ఇంకో ఘట్టం దాటేసి పోకూడదు. 1947లో ఫిలడెల్ఫియాలో ఎర్నెస్ట్ స్పీగెల్, హెన్రీ వైసిస్ మనిషి పుర్రెకు చట్రం బిగించి, సూది దింపి, సరిగ్గా ఆ మీడియోడార్సల్ గుంపునే కాల్చారు. నుదుటి మెదడు తీగల్ని తెంచే, అప్పట్లో జోరుగా జరుగుతున్న లోబాటమీ కంటే ఇది సున్నితమైన పద్ధతని వాళ్ల వాదన. లోబాటమీకి ఆద్యుడు ఎగాస్ మోనిజ్‌కు 1949లో నోబెల్ కూడా ఇచ్చేశారు. ఏ గుంపుకూ నుదుటి పైపొరకూ మధ్య మాట సరిగా సాగడం లేదని ఇవాళ అంటున్నామో, నాటి సర్జన్లు ఆ మాటను మొత్తానికే తెంచడాన్ని వైద్యమన్నారు. గండి పూడ్చమంటే కాలువే పూడ్చినట్టు.

మాట సరిగా సాగడం లేదని ఎలా తెలిసింది? మనిషిని ఊరికే పడుకోబెట్టి, మెదడులో ఏ రెండు భాగాలు కలిసి ఎగసిపడుతున్నాయో చూసే స్కాన్ ఉంది. 2012లో నీల్ వుడ్‌వర్డ్ బృందం దాంతో చూస్తే రోగుల్లో రెండు మార్పులు కనపడ్డాయి. థాలమస్‌కూ నుదుటి పైపొరకూ మధ్య పొత్తు తగ్గింది. థాలమస్‌కూ కదలిక, స్పర్శల పైపొరకూ మధ్య పొత్తు పెరిగింది. ఆ తరవాత ఇంకా చాలామంది చూశారు, ఇదే మళ్లీ మళ్లీ వస్తోంది. అంటే అన్ని షట్టర్లూ లేచిపోయిన వరద కాదిది. ఒక వైపు బోదెలు ఎండుతున్నాయి, ఇంకో వైపు మునుగుతున్నాయి. లాకు బాగానే ఉంది, లాకుకూ ఆయకట్టుకూ మధ్య ఒప్పందం చెదిరింది. నా మటుకు నాకు కార్ల్సన్ చిత్రం కంటే ఈ చిత్రమే నమ్మబుద్ధేస్తుంది.

ఆ ఒప్పందంలో ఏముంటుందో మీ మీదే చూసుకోవచ్చు. తల కదపకుండా కళ్లను ఎడమ నుంచి కుడికి తిప్పండి. కంటి తెర మీద గది మొత్తం జరిగిపోయింది, అయినా గది కదిలినట్టు మీకు అనిపించలేదు. ఇప్పుడు ఒక కన్ను మూసి, తెరిచిన కంటి రెప్ప కొసమీద వేలితో మెల్లగా, చాలా మెల్లగా నొక్కండి. గోడలు ఊగుతాయి. రెండుసార్లూ బొమ్మ జరిగింది. మొదటిసారి కంటి కండరాలకు ఆజ్ఞ ఇస్తూనే మెదడు దాని నకలొకటి తనకు తాను పంపుకుంది: ఇప్పుడు గది జరుగుతుంది, జరిపేది నేనే, పట్టించుకోకు అని. రెండోసారి జరిపింది వేలు, ఆ నకలు లేదు.

ఈ నకలు ఏ దారిన పోతుందో 2002లో మార్క్ సామర్, రాబర్ట్ వర్ట్జ్ కోతుల్లో పట్టుకున్నారు. కంటిని తిప్పే కేంద్రం నుంచి నుదుటి పైపొరకు, మధ్యలో ఆగే చోటు మీడియోడార్సల్ థాలమస్. ఆ చోటును మందుతో కాసేపు మొద్దుబారిస్తే కోతి కళ్లు తిప్పగలదు గానీ తిప్పానన్న లెక్క తప్పుతుంది. వరసగా రెండుసార్లు చూపు మార్చమంటే, మొదటిసారి మార్చిన సంగతి తెలియనట్టు రెండోది తప్పు చోటికి పోతుంది. 2015లో కాథరిన్ ఠక్కర్ బృందం స్కిజోఫ్రీనియా రోగుల్లోనూ ఈ నకలు సరిగా అందడం లేదనడానికి ఆధారాలు చూపించింది. మాట సంగతీ ఇంతే. మనం మాట్లాడేటప్పుడు మన గొంతుకు మన వినికిడి పైపొర స్పందన తగ్గుతుంది, అది మన గొంతే కాబట్టి. జూడిత్ ఫోర్డ్, డేనియల్ మథలాన్ ఈఈజీతో చూస్తే రోగుల్లో ఆ తగ్గుదల అంతగా లేదు.

ఇక మనసులో అనుకునే మాట. 'లేచి స్నానం చేసి పొలం వెళ్లాలి' అని మీరూ నేనూ రోజూ లోపల అనుకుంటాం. దానికి 'ఇది నాదే' అన్న నకలు జతపడుతుంది. అది జతపడకపోతే? మాట ఉంది, పలికినవాడు నేను కాదు. మరి ఎవరు? బుర్ర ఎవర్నో ఒకర్ని వెతుక్కుంటుంది. ఎవరు దొరుకుతారన్నది ఊరిని బట్టి ఉంటుంది. తాన్యా లూర్మన్, చెన్నైలోని స్కార్ఫ్ సంస్థ వైద్యురాలు ఆర్. పద్మావతి తదితరులు అమెరికాలో శాన్ మటియో, ఘనాలో అక్రా, మన చెన్నై, ఒక్కోచోట 20 మంది రోగుల్ని కూర్చోబెట్టి, ఆ గొంతులెవరివని అడిగారు. 2015లో అచ్చయింది. అమెరికా వాళ్లకు ఎక్కువగా ఎవరో పరాయివాళ్లు, హింస, బెదిరింపు. చెన్నైలో సగానికి పైగా మందికి సొంత చుట్టాలే. అమ్మ, అత్త, ఆడపడుచు. వండమని, శుభ్రంగా ఉండమని, స్నానం చెయ్యమని పురమాయింపులు. ఫ్యానులో మేనమామ నాకు అందుకే వింతగా తోచలేదు. లాకు దగ్గర జరిగే తేడా అందరికీ ఒకటే కావచ్చు, ఆ నీటికి రంగు మాత్రం ఊరి మట్టిదే.

ఆ కుర్రాడికి ఇరవై ఏళ్లకే ఎందుకు మొదలైంది? పదేళ్లప్పుడు ఎందుకు కాలేదు? దీనికి ఎలుకల్లో ఒక జవాబు దొరికింది. మనిషి 22వ క్రోమోజోములో చిన్న ముక్క లోపించి పుట్టేవాళ్లలో దాదాపు నాలుగో వంతు మందికి పెద్దయ్యాక స్కిజోఫ్రీనియా వస్తుంది. అదే ముక్క లేని ఎలుకల్ని మెంఫిస్‌లో స్టానిస్లావ్ జఖరెంకో బృందం పెంచి, 2014లో ఫలితాలు చెప్పింది. వినికిడి థాలమస్ నుంచి వినికిడి పైపొరకు పోయే కబురు బలహీనపడింది. చూపుదీ స్పర్శదీ బాగానే ఉన్నాయి. కారణం, వినికిడి థాలమస్‌లో డోపమైన్‌ను అందుకునే డీ2 గ్రాహకాలు పెరిగిపోవడం. వాటిని అడ్డుకునే మందులిస్తే కబురు మళ్లీ మామూలైంది. 2017లో వాళ్లే చెప్పిన రెండో సంగతి: పిల్ల ఎలుకల్లో ఈ లోపం లేదు, ఎదిగాకే మొదలవుతుంది. డీ2ను అదుపులో ఉంచే ఒక చిన్న ఆర్ఎన్ఏ వయసుతో తగ్గుతుంది, ఈ ఎలుకల్లో మరీ తగ్గిపోయి హద్దు దాటుతుంది.

ఎలుకకు మేనమామ గొంతు వినపడుతుందో లేదో ఎవరూ అడగలేరు. కానీ ఒక విషయం గమనించండి. ఇక్కడ కూడా వరద లేదు. చెవి నుంచి వచ్చే నీరు తగ్గింది. బయటి నీరు రాకపోతే చెరువులో ఊటనీరే మిగులుతుంది. చెవి చెప్పేది పలచబడితే పైపొర తన అంచనాలతోనే నింపుకుంటుందన్న వాదన ఇప్పుడు బలంగా ఉంది. 2017లో యేల్‌లో ఆల్బర్ట్ పవర్స్, ఫిలిప్ కార్లెట్ ఒక గళ్ల బొమ్మనూ ఒక సన్నటి శబ్దాన్నీ జతచేసి పదే పదే చూపించి వినిపించారు. తరవాత బొమ్మ మాత్రమే చూపించినా శబ్దం విన్నామన్నవాళ్లు జబ్బున్నవాళ్లలోనూ లేనివాళ్లలోనూ ఉన్నారు. గొంతులు వినే అలవాటున్నవాళ్లలో మరీ ఎక్కువ.

స్పిండిల్స్‌ను గుర్తుపెట్టుకోమన్నాను. 2007లో ఫాబియో ఫెరారెల్లీ, జూలియో టొనోని రోగుల నిద్రను నమోదు చేస్తే అవి బాగా తక్కువున్నాయి. మందులింకా మొదలెట్టనివాళ్లలోనూ తక్కువే. జబ్బు లేని తోబుట్టువుల్లోనూ కొంత తక్కువని తరవాత తేలింది. అంటే ఇది మందుల వల్ల వచ్చింది కాదు, లస్కరు పనితీరులోనే ఏదో ఉంది. స్పిండిల్స్‌ను పెంచే నిద్రమాత్ర ఇచ్చి చూశారు. స్పిండిల్స్ పెరిగాయి, జ్ఞాపకశక్తి మెరుగుపడలేదు. షట్టరు చక్రం తిప్పినంత మాత్రాన పొలం పండదు.

ఆ కుర్రాడు మందులు మొదలెట్టిన రెండు నెలలకు మళ్లీ వచ్చాడు. గొంతు ఉంది గానీ ఫ్యానులోంచి పక్కగదిలోకి వెళ్లిందన్నాడు. తల్లి సంచిలో దారాలు అలాగే ఉన్నాయి, డాక్టరు వాటి జోలికి పోలేదు. ఇంట్లో ఏం చేస్తున్నారమ్మా అని అడిగాడు. మొదట్లో లేదు లేదని వాడితో వాదించేదట, ఫ్యాను స్విచ్చి కట్టేసేదట, వాడు ఏడ్చేవాడట. వాదించొద్దని పోయినసారి డాక్టరు చెప్పిన తరవాత మానేసింది.

"ఇప్పుడేవంటన్నావమ్మా?"

"నాకైతే ఇనపట్లేదు నాన్నా, నీకు ఇనపడతందని తెలుసు, అంటన్నానండి. ఏవంటన్నాడు మావయ్య అని అడుగుతాను. తానం చెయ్యమంటన్నాడంటాడు. సరే నీళ్లు తోడాను పద, అంటానండి."